డిస్కౌంట్ స్టోర్‌కి వెళ్తున్నా బిల్లు ఎందుకు తగ్గట్లేదు?

పోయిన వారం కరెంటు బిల్లు గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ వీడియో కింద చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అక్కా, మేం కూడా నెలనెలా డిస్కౌంట్ స్టోర్‌కే వెళ్తున్నాం. బిల్లు అడుగున 'మీరు ఇంత ఆదా చేశారు' అని కూడా ప్రింటవుతోంది. మరి నెలాఖరుకి ఆ ఆదా అయిన డబ్బులు ఎక్కడున్నాయి?" అని.

ఈ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను, మూడేళ్ల క్రితం. అందుకే ఈరోజు అదే చెప్తాను. ఏ స్టోర్‌కీ ప్రచారం కాదు, ఎవరినీ తిట్టడమూ కాదు. నా నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్నాను, అందులో ఉన్నవే చెప్తాను.

ముందు నా కథ

మేం ఉండేది హైదరాబాద్ కూకట్‌పల్లిలో. ఇంట్లో ఐదుగురం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. మూడేళ్ల క్రితం మా ఆయన ఉద్యోగం పోయింది. ఐదు నెలలు జీతం లేదు. అప్పటిదాకా మా వీధి చివర కిరాణా కొట్లో ఖాతా పెట్టుకుని సరుకులు తెచ్చుకునేవాళ్లం. నెలకి తొమ్మిది వేలు అయ్యేది. ఇప్పుడు తగ్గించాలి కాబట్టి ఆ కొట్టు మానేసి పెద్ద డిస్కౌంట్ స్టోర్‌కి వెళ్దామని నిర్ణయించుకున్నాం.

మొదటి నెల బిల్లు ఎంతయిందో తెలుసా? 11,400. తగ్గిద్దామని వెళ్లి రెండువేల నాలుగు వందలు ఎక్కువ పెట్టి వచ్చాం! ఆ రాత్రి బిల్లు తీసుకుని, పెన్నుతో ఒక్కొక్క వస్తువు పక్కన టిక్ పెట్టాను. ఇంటి దగ్గర రాసుకున్న లిస్టులో ఉన్నవి 6,900. లిస్టులో లేనివి 4,500. ప్లాస్టిక్ డబ్బాల సెట్టు, దుప్పటి, పిల్లల చాక్లెట్లు, నాలుగు రకాల మిక్చర్ ప్యాకెట్లు, ఇల్లు తుడిచే కర్ర.

చూశారా? సరుకులు నిజంగానే చవకగా వచ్చాయి. తొమ్మిది వేలవి ఆరువేల తొమ్మిది వందలకి వచ్చాయి. స్టోర్ అబద్ధం చెప్పలేదు. నేనే మిగతా దారిలో పోగొట్టుకున్నాను.

అసలు వాళ్లు తక్కువకి ఎలా ఇస్తారు?

ఇది తెలిస్తే ఎక్కడ కొనాలో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. డీమార్ట్‌నే తీసుకోండి. రాధాకిషన్ దమానీ గారు 2002లో ముంబై పొవాయ్‌లో మొదటి స్టోర్ పెట్టారు. చాలా స్టోర్లకి సొంత బిల్డింగులే, కాబట్టి అద్దె భారం తక్కువ. కంపెనీలకి డబ్బులు తొందరగా కట్టేస్తారు, అందుకు బదులుగా తక్కువ ధరకి సరుకు తీసుకుంటారు. లోపల అలంకారాలు ఉండవు. ఎక్కువ అమ్ముడుపోయే రకాలే పెడతారు, తెచ్చిన సరుకు తెచ్చినట్టు వెళ్లిపోతుంది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. పప్పు, నూనె, పంచదార మీద ఏ పెద్ద స్టోర్‌కైనా మిగిలేది తక్కువే. బట్టలు, గిన్నెలు, ప్లాస్టిక్ సామాను, దుప్పట్ల మీద మిగిలేది ఎక్కువ. పప్పులు చవకని మనల్ని రప్పిస్తే, మనం దుప్పటి కూడా తీసుకుని వెళ్తాం. అది వాళ్ల వ్యాపారం, తప్పేం లేదు. కానీ వాళ్లు చవకగా ఇచ్చేది ఏదో అదే తీసుకుని బయటికి రావడం మన పని.

ఎమ్మార్పీ మీద తగ్గింపు వేరు, నిజమైన తగ్గింపు వేరు

బిల్లు అడుగున "ఆదా" అని వస్తుంది కదా, అది ఎమ్మార్పీతో పోల్చి వేసిన లెక్క. ఎమ్మార్పీ అంటే అంతకుమించి అమ్మకూడదని ప్యాకెట్ మీద వేసే గరిష్ఠ ధర. అంతేగానీ అందరూ ఆ ధరకే అమ్ముతున్నారని కాదు. మీ వీధి కొట్లో కూడా చాలా వస్తువులు ఎమ్మార్పీ కంటే తక్కువకే ఇస్తారు. కందిపప్పు ప్యాకెట్ మీద 250 అని ఉండి స్టోర్‌లో 165కి ఇచ్చారనుకోండి. 85 ఆదా అని బిల్లులో వస్తుంది. అదే నాణ్యత పప్పు మీ కిరాణాలో 160కి దొరికితే? మీరు ఐదు రూపాయలు ఎక్కువ పెట్టారు, ఆదా ఏం లేదు.

కాబట్టి ఎమ్మార్పీతో పోల్చొద్దు. మీరు మామూలుగా ఎంతకి కొంటున్నారో దానితో పోల్చండి.

కిలో లెక్క, లీటరు లెక్క

ఇది ఈరోజు ఎపిసోడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన మాట. కాస్త ఓపిగ్గా వినండి.

ఇదివరకు చాలా సరుకులకి ప్యాకెట్ సైజులు ప్రభుత్వమే నిర్ణయించేది. 100, 200, 500 గ్రాములు, కిలో ఇలా. 2021లో తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు సవరించి ఆ కట్టుబాటు తీసేశారు. దానికి బదులుగా గ్రాముకి ఎంత, కిలోకి ఎంత అని ప్యాకెట్ మీద వేయాలన్నారు. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో యూఎస్పీ అని ఉంటుంది చూడండి, అదే. కిలోలోపు ప్యాకెట్ అయితే గ్రాముకి, కిలో దాటితే కిలోకి వేస్తారు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ యూఎస్పీ లెక్క ఎమ్మార్పీ మీద కట్టింది. స్టోర్ తగ్గించి ఇచ్చే ధర మీద కాదు. అందుకని ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి మనమే కట్టుకోవాలి. స్టోర్ ధరని బరువుతో భాగించండి, అంతే.

నూనె ఉదాహరణ చెప్తాను. లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు. కానీ 850 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. 910 గ్రాములది 146 రూపాయలు, 850 గ్రాములది 139 రూపాయలు అనుకోండి. ఏడు రూపాయలు తక్కువ కదా అని రెండోది బుట్టలో వేస్తాం. లెక్క కట్టండి. మొదటిది కిలో 160 పడింది. రెండోది 163 దాటింది. తక్కువ అనుకున్నదే ఎక్కువ! నెలకి ఐదు ప్యాకెట్లు వాడే ఇంట్లో, నూనె ఎందుకు తొందరగా అయిపోతోందో కూడా ఇప్పుడు అర్థమైందా?

రెండో ఉదాహరణ. పెద్ద ప్యాకెట్ అంటే చవక అని మన నమ్మకం. టీ పొడిలో చాలాసార్లు నిజమే. పావుకిలో 140, కిలో 520 అయితే కిలోదే నయం. కానీ బట్టల పౌడర్ కిలో 120 ఉండి, నాలుగు కిలోలది 500 ఉంటే? పెద్దది కిలో 125 పడినట్టు. ఇలాంటివి నేను నా కళ్లతో చూశాను. చిన్న ప్యాకెట్ మీద ఆఫర్ ఉంటుంది, పెద్దదాని మీద ఉండదు.

షాంపూలో ఇంకా విచిత్రం. రూపాయి సాచెట్‌లో ఐదు మిల్లీలీటర్లు ఉంటే, వంద మిల్లీలీటర్లు ఇరవై రూపాయలకే వచ్చినట్టు. అదే షాంపూ 180 మిల్లీలీటర్ల సీసా 126 అయితే, వంద మిల్లీలీటర్లు 70 పడుతుంది. మా అత్తయ్య ఎప్పుడూ సాచెట్లే తెమ్మంటే నేను నవ్వేదాన్ని. లెక్క కట్టాక నవ్వడం మానేశాను.

బియ్యం బస్తా సంగతి

బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకు ఉంటోంది, ఎప్పుడైనా ఆలోచించారా? 2022 జూలైలో ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు. కానీ అది 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్‌కే. అందుకని మన దగ్గర 26 కిలోల బస్తాలు వచ్చాయి. అదే రకం బియ్యం పది కిలోల సంచిలో కొంటే ఆ పన్ను కూడా మన మీదే పడుతుంది. కాబట్టి రెండిటినీ పోల్చేటప్పుడు బస్తా ధరని 26తో భాగించండి, 25తో కాదు.

ఇంకోటి, బియ్యం పాతదా కొత్తదా అడగండి. కొత్త బియ్యం చవకగా వస్తుంది, కానీ అన్నం ముద్దవుతుంది, ఒదగదు. పాత బియ్యం డబ్బాడు పోస్తే గిన్నె నిండుతుంది. స్టోర్‌లో రాక్ దగ్గర ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. బియ్యం మాత్రం నేను ఇప్పటికీ తెలిసిన కొట్లోనే తీసుకుంటాను. బాగోలేకపోతే బస్తా వెనక్కి ఇచ్చి ఇంకోటి తెచ్చుకోవచ్చు.

తేదీ చూడకుండా బుట్టలో వేయొద్దు

"ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని కనిపించగానే ముందు వెనక్కి తిప్పి తేదీ చూడండి. రెండు రకాల తేదీలు ఉంటాయి. "యూజ్ బై" లేదా "ఎక్స్‌పైరీ" అంటే ఆ రోజు దాటాక తినకూడదు. "బెస్ట్ బిఫోర్" అంటే అప్పటిదాకా రుచి, నాణ్యత పూర్తిగా ఉంటాయని. తేదీ దగ్గరపడిన సరుకునే చాలాసార్లు ఆఫర్‌లో పెడతారు. అది మోసం కాదు. వారంలో అయిపోతుందంటే హాయిగా తీసుకోండి. రెండు నెలలకి సరిపడా తెచ్చి అటక మీద పెడితే మాత్రం సగం చెత్తబుట్టలోకే.

రాక్‌లో ముందు వరసలో పాత తేదీవి, వెనక వరసలో కొత్తవి పెడతారు. చెయ్యి లోపలికి పెట్టి వెనకవి తీయండి. సిగ్గుపడాల్సిన పనిలేదు.

నా పొరపాటు కూడా చెప్తాను. ఒక వానాకాలంలో మినపగుళ్లు చవకగా ఉన్నాయని ఐదు కిలోలు తెచ్చాను. మాకు నెలకి రెండు కిలోలు చాలు. రెండో నెలకి డబ్బా మూత తీస్తే పురుగులు. ఎండబెడదామంటే ఎండ లేదు. కిలోకి పదిహేను రూపాయలు మిగిలించుకుందామని వెళ్లి రెండు కిలోలు పారేశాను. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. వానాకాలంలో రవ్వలు, పిండి, పప్పులు నెలకి మించి తేను. ఉప్పు, పంచదార, సబ్బులు, గిన్నెల పీచులు చవకైతే ఎక్కువ తెస్తాను. వాటికి పురుగు పట్టదు కదా.

సబ్బుల మీద ఏం రాసుందో చదవండి

ఒంటి సబ్బు రేపర్ మీద "టాయిలెట్ సోప్" అని ఉందా, "బాతింగ్ బార్" అని ఉందా చూడండి. రెండూ ఒకటి కాదు. టాయిలెట్ సోప్‌లో గ్రేడ్ 1 అంటే టీఎఫ్ఎమ్, అంటే సబ్బులో ఉండే కొవ్వు పదార్థం, కనీసం 76 శాతం ఉండాలి. గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60. బాతింగ్ బార్‌లో ఇది ఇంకా తక్కువ ఉండొచ్చు. టీఎఫ్ఎమ్ తక్కువున్న సబ్బు తొందరగా మెత్తబడి కరిగిపోతుంది. నాలుగు సబ్బుల ఆఫర్ కట్ట చవకగా కనిపించి, పదిహేను రోజుల్లో అయిపోతే అది చవక కాదు. కరిగే లెక్క కూడా వేసుకోవాలి.

ఏది ఎక్కడ కొనాలి?

ఆరునెలలు రాసుకున్నాక నాకు తేలింది ఇది. మీ ఊళ్లో కొంచెం మారొచ్చు.

డిస్కౌంట్ స్టోర్‌లో: నూనె, పంచదార, గోధుమపిండి, టీ పొడి, బట్టల పౌడర్, గిన్నెల సబ్బు, పేస్టు, ఫినాయిల్. అంటే ఏ కొట్లో కొన్నా అదే కంపెనీ, అదే నాణ్యత ఉండేవి. వీటిలో ధర ఒక్కటే చూస్తే చాలు.

రైతుబజార్‌లో: కూరగాయలు, ఆకుకూరలు, ఉల్లిపాయలు. 1999లో మొదలైన ఈ బజార్లలో ఆరోజు ధరల బోర్డు పెడతారు. మాకు కూకట్‌పల్లిలోనే ఉంది. ముందు బోర్డు చదివి, తర్వాత లోపలికి వెళ్లండి.

బేగంబజార్‌లో: జీడిపప్పు, కిస్‌మిస్, మసాలా దినుసులు, స్టీలు గిన్నెలు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కడినుంచి దగ్గరే. స్టీలు సామాను అక్కడ తూకానికి ఇస్తారు. స్టోర్‌లో ఒక్కొక్కటి ఇంత అని అమ్ముతారు, ఎంత పలచగా ఉందో మనం పట్టించుకోం. తూకానికి కొంటే మనం ఇచ్చే డబ్బు స్టీలుకే.

చింతపండు, ఎండుమిరపకాయలు, పసుపు మాత్రం నెలనెలా ప్యాకెట్లు కొనకండి. కొత్త పంట వచ్చే ఎండాకాలంలో ఏడాదికి సరిపడా తీసుకుని, బాగా ఎండబెట్టి దాచుకోండి. మన అమ్మలు చేసింది అదే కదా.

బిల్లు దగ్గర ఐదు నిమిషాలు

ఒక స్టోర్‌లో రాక్ మీద 89 అని ఉన్న వస్తువు బిల్లులో 104 పడింది. పేరు చెప్పను, ఎక్కడైనా జరగొచ్చు. ఆఫర్ అయిపోయాక రాక్ మీద కాగితం మార్చలేదట. ఫోన్‌లో రాక్ ఫొటో తీసుకున్నాను కాబట్టి చూపించాను, తేడా వెనక్కి ఇచ్చారు. ఫొటో లేకపోతే వాదనే మిగిలేది. అప్పటినుంచి ఆఫర్ ఉన్న ప్రతి వస్తువుకీ రాక్ ఫొటో తీస్తాను. బిల్లు అక్కడే నిలబడి చూసుకుంటాను. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే, అడిగినా సరిచేయకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు పారేయకండి, అదే మన దగ్గరున్న సాక్ష్యం.

నా ఇరవై వస్తువుల పుస్తకం

ఇదంతా గుర్తుపెట్టుకోవడం కష్టం అనుకుంటున్నారా? నేను చేసేది చాలా చిన్న పని. పాత నోట్‌బుక్‌లో మా ఇంట్లో ఎక్కువ డబ్బు తినే ఇరవై వస్తువులు రాశాను. ఒక్కో వస్తువు ఎదురుగా మూడు గడులు. స్టోర్, కిరాణా, ఇంకోచోటు. ప్రతి గడిలో కిలో ధర లేదా లీటరు ధర. రెండు నెలలు రాస్తే చాలు, ఏ ధర మంచిదో మీకే నోటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత పసుపు రంగు ఆఫర్ బోర్డు చూసి ఎవరూ మిమ్మల్ని మభ్యపెట్టలేరు.

వెళ్లేటప్పుడు ఇంకో మూడు. కడుపునిండా తిని వెళ్లండి. ట్రాలీ వద్దు, చేతిబుట్ట తీసుకోండి, బరువు తెలుస్తుంటే చెయ్యి ఆగుతుంది. లిస్టులో లేనిది నచ్చితే పేరు రాసుకుని వచ్చేయండి. వచ్చే నెలకి కూడా కావాలనిపిస్తే అప్పుడు కొనండి. నేను రాసుకున్నవాటిలో చాలావరకు మళ్లీ గుర్తే రాలేదు.

మరి ఎంత మిగిలింది?

తొమ్మిది వేల బిల్లు 7,400కి వచ్చింది. 1,600 తగ్గింది. కానీ రానుపోను ఆటోలకి 240 అవుతుంది, అది తీసేయాలి కదా. నికరంగా నెలకి 1,360. ఏడాదికి 16,320. లక్షలు కాదు. కానీ జీతం లేని ఆ నెలల్లో పాప స్కూల్ బస్సు ఫీజు ఆగకుండా కట్టింది ఈ డబ్బుతోనే. ఆటోకి 240 పెట్టి నెలకి రెండు వందలు మిగిలించుకునేవాళ్లయితే అసలు వెళ్లొద్దు, పక్క కొట్టే నయం.

చివరిగా ఒక మాట. నాలుగో నెలలో మా చేతిలో డబ్బు పూర్తిగా అయిపోయింది. డిస్కౌంట్ స్టోర్ అప్పు ఇవ్వదు. నేను మానేసిన ఆ కిరాణా కొట్టుకే తల వంచుకుని వెళ్లాను. ఆయన ఒక్క మాట అనలేదు. "ఏం కావాలమ్మా?" అని పుస్తకం తీశాడు. నెలరోజులు బియ్యం, పాలు, పప్పు ఖాతా మీద ఇచ్చాడు. ఆ నెల లెక్క ఏ బిల్లు అడుగునా ప్రింట్ కాదు. అందుకే ఇప్పటికీ బియ్యం, పాలు, ఇంకా చిన్నాచితకా ఆయన దగ్గరే. రెండు రూపాయలు ఎక్కువైనా సరే. నా నోట్‌బుక్‌లో ఆ ఎక్కువని కూడా రాసుకుంటాను, కానీ దాన్ని నష్టం కింద రాయను.

ఈ వారం మీరు చేయాల్సింది ఒక్కటే. పోయిన నెల బిల్లు తీసి, లిస్టులో లేనివి ఎన్ని ఉన్నాయో టిక్ పెట్టండి. ఆ మొత్తం ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి. ఎంతొచ్చినా సిగ్గుపడొద్దు, నాది 4,500 అని చెప్పేశాను కదా. వచ్చే వారం పిల్లల పుస్తకాలు, యూనిఫాం ఖర్చుల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి, నమస్తే.